డీపీఎఫ్ పీకించకండి, బండిని నకిరేకల్ దాకా తోలండి

ప్రశ్న: మాది నల్లగొండ. రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో స్కార్పియో-ఎన్ డీజిల్ మాన్యువల్ కొన్నాను, 175 పీఎస్‌ది. ఇప్పటికి 52 వేల కిలోమీటర్లు తిరిగింది. మా బత్తాయి తోట ఇంటికి ఆరు కిలోమీటర్లు. రోజూ పొద్దున, సాయంత్రం పోయి వస్తుంటా. ఆర్నెల్ల నుంచి డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) లైటు మాటిమాటికీ వస్తోంది. పికప్ పోయింది, మైలేజీ తగ్గింది. షెడ్డులో మెకానిక్ ‘డీపీఎఫ్ లోపలిదంతా పీకేసి, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే భాగం) మూసేసి, సాఫ్ట్‌వేర్ మార్చేస్తే జన్మలో లైటు రాదు, ముప్పై వేలు అవుతుంది’ అంటున్నాడు. మా బామ్మర్దేమో కంపెనీ ఆయిల్ దండగని, ట్రాక్టర్‌లో పోసే 15డబ్ల్యూ-40 ఆయిలే ఇంజిన్‌కు బలమని పోయినసారి అదే పోయించాడు. పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యాడ్‌బ్లూ కూడా కొనే బదులు ఇంట్లో ఉన్న యూరియానే నీళ్లలో కలిపి పోసుకోవచ్చని అంటున్నాడు. మా నాయన జీపు ఇరవై ఏళ్లు ఏ గొడవా లేకుండా నడిచింది. ఈ కొత్త ఇంజిన్లు అంత నాసిరకమా? బండి అమ్మేయమంటారా?

జవాబు: అమ్మకండి. మీ ఉత్తరంలో ఇంజిన్ మీద మీరు రాసిన ఫిర్యాదుల్లో ఇంజిన్ తప్పు ఒక్కటీ నాకు కనిపించలేదు. దానికి సరిపడా దూరం దొరకడం లేదు, సరైన ఆయిల్ దొరకలేదు. ఈ రెండూ మీ చేతిలో ఉన్నవే. కానీ ముప్పై వేలు పెట్టి డీపీఎఫ్ పీకించారంటే మాత్రం నిజంగానే మంచి ఇంజిన్‌ను చెడగొట్టుకున్నవారవుతారు. కాబట్టి ముందుగా ఆ మెకానిక్‌కు ‘ఆగు’ అని ఫోన్ చేయండి, తర్వాత మిగతాది చదవండి.

మీ నాయన గారి జీపు గురించి మొదట మాట్లాడతాను, ఎందుకంటే ఈ మాట ప్రతి డీజిల్ బండి యజమానీ అడుగుతాడు. ఆ జీపు గట్టిదే, కాదనను. కానీ మీ బండి బలంలో సగం కూడా దానికి లేదు. మీది 2184 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజిన్. 3500 ఆర్‌పీఎం దగ్గర 175 పీఎస్ ఇస్తుంది. అంతకంటే ముఖ్యం టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం: 1500 నుంచి 3000 ఆర్‌పీఎం దాకా 370 న్యూటన్ మీటర్లు. ఆటోమేటిక్ గేర్ల బండిలో అది 400. బత్తాయి పెట్టెలు నింపుకొని, నలుగురు ఎక్కి కూర్చున్నా మూడో గేర్‌లో ఎత్తులు మెల్లగా ఎక్కిపోవడానికి కారణం ఆ టార్కే. ఇంత బలం ఇంత చిన్న ఇంజిన్‌లోంచి ఊరికే రాదు. డీజిల్‌ను 1,600 నుంచి 2,000 బార్ ఒత్తిడితో, కంటికి కనపడని రంధ్రాల్లోంచి సిలిండర్‌లోకి చిమ్ముతారు. మీ టైరులో గాలి ఒత్తిడి రెండున్నర బార్ లోపే అన్నది గుర్తుంచుకుంటే ఆ లెక్క ఎంతో అర్థమవుతుంది. టర్బో చక్రమైతే గట్టిగా తొక్కినప్పుడు నిమిషానికి లక్షన్నర చుట్ల పైమాటే తిరుగుతుంది, అదీ సన్నని ఆయిల్ పొర మీద తేలుతూ. ఇంత నాజూకు పని చేసే యంత్రానికి పాత జీపు అలవాట్లు పనికిరావు. నాసిరకం అనే మాట మాత్రం దీనికి తగదు. విజయవాడ హైవే మీద ఇలాంటి టర్బో డీజిల్ ఇంజిన్లతోనే రెండు లక్షలు, అంతకు మించి తిరిగిన ట్యాక్సీలు రోజూ కనిపిస్తాయి. వాటికి మీకంటే నాలుగు రెట్లు పని. అయినా ఈ లైటు వాటిని అంతగా వేధించదు. ఎందుకో చెబుతాను.

2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బీఎస్6 అనే వాహన కాలుష్య ప్రమాణం అమల్లోకి వచ్చింది. డీజిల్ కారు పొగలో మసి అంతకుముందున్న బీఎస్4 కింద కిలోమీటరుకు 25 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. బీఎస్6లో అది 4.5 మిల్లీగ్రాములకు దిగింది. నైట్రోజన్ ఆక్సైడ్లు 250 మిల్లీగ్రాముల నుంచి 80కి తగ్గాయి. డీజిల్‌లో గంధకం కూడా 50 పీపీఎం (పది లక్షల్లో 50 పాళ్లు) నుంచి 10 పీపీఎంకు తగ్గించారు. మసిని పట్టడానికి డీపీఎఫ్, నైట్రోజన్ ఆక్సైడ్ల పని పట్టడానికి యాడ్‌బ్లూ. మీ బండిలో రెండూ ఉన్నాయి.

డీపీఎఫ్ అంటే సన్న సన్న గదులున్న ఒక సెరామిక్ దిమ్మ. ఒక గదికి ముందు మూత, పక్క గదికి వెనక మూత. పొగ గోడల్లోంచి వడకట్టుకొని బయటికి పోవాలి, మసి లోపలే ఉండిపోతుంది. అది నిండుతూ ఉంటే ఇంజిన్ కంప్యూటర్ కనిపెట్టి కాస్త ఎక్కువ డీజిల్ చిమ్మి, పొగ వేడిని 550, 600 డిగ్రీల దాకా పెంచి మసిని కాల్చేస్తుంది. దీన్నే రీజనరేషన్ అంటారు. దానికి బండి పదిహేను, ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. అంతకంటే ముందు ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఉండాలి. మీ తోట ఆరు కిలోమీటర్లు. ఇంజిన్ వేడెక్కేలోపే తోట వస్తుంది, మీరు తాళం తిప్పేస్తారు. కాల్చడం మొదలైనా సగంలో ఆగిపోతుంది. రోజుకు నాలుగు సార్లు ఇదే జరుగుతుంటే మసి పేరుకోక ఏం చేస్తుంది? జడ్చర్ల నుంచి 44వ నంబర్ హైవే మీద హైదరాబాద్‌కు రోజూ పోయి వచ్చే బండికి ఈ బాధ ఉండదు. అది నడుస్తూ నడుస్తూనే శుభ్రమైపోతుంది.

అందుకే మందు చాలా సులువైనది. వారానికోసారి, కుదరకపోతే పది రోజులకోసారి, డీజిల్ ట్యాంకు పావు కంటే ఎక్కువ ఉండేలా చూసుకొని బయలుదేరండి. రిజర్వులో ఉంటే చాలా బండ్లు రీజనరేషనే మొదలుపెట్టవు. నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి దాకా పోయేసరికి ఇంజిన్ వేడెక్కి ఉంటుంది. అక్కడ 65వ నంబర్ హైవే ఎక్కి నకిరేకల్ వైపు తిప్పండి. గంటకు 70, 80 వేగం, ఆరో గేర్ వద్దు, నాలుగో ఐదో గేర్‌లో ఆర్‌పీఎం 2000కు తగ్గకుండా. నకిరేకల్ దగ్గర వెనక్కి తిప్పుకొని రండి, కొర్లపహాడ్ టోల్ దాకా పోనక్కర్లేదు. వేగంగా పోవడం లక్ష్యం కాదు, ఆగకుండా ఒకే తీరుగా పోవడం లక్ష్యం.

రీజనరేషన్ నడుస్తోందని బండే చెబుతుంది. నిలబెట్టినప్పుడు ఐడిల్ మామూలుకంటే ఎక్కువ ఉంటుంది. స్క్రీన్ మీద మైలేజీ ఉన్నట్టుండి పడిపోతుంది. రేడియేటర్ ఫ్యాన్ గట్టిగా తిరుగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఇంటి ముందుకు వచ్చేసరికి ఇలా ఉంటే తాళం తీయకండి, ఇంకో రౌండు కొట్టి రండి. ఇక్కడే తోట ఉన్నవాళ్లు తప్పకుండా పాటించాల్సిన ఒక మాట. ఆ సమయంలో సైలెన్సర్ గొట్టం, దాని ముందు భాగం నిప్పులా ఉంటాయి. బండిని ఎండు వరిగడ్డి మీద, ఎండుటాకుల మీద, కోసి పడేసిన గడ్డి మీద ఆపకండి. వేసవిలో తోటకు నిప్పంటుకోవడానికి అది చాలు. నేల మట్టిగా, ఖాళీగా ఉన్నచోటే పెట్టండి.

ఇప్పుడు ఆయిల్. మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. ఇంజిన్‌లో కొంచెం ఆయిల్ ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. మామూలు ఆయిల్‌లో కలిపే లోహపు లవణాలు కాలితే బూడిద మిగులుతుంది, అది పొగతో పాటు పోయి డీపీఎఫ్‌లో చేరుతుంది. కట్టెల పొయ్యి ఎంత మండించినా మసి పోతుంది కానీ బూడిద పోదు కదా, ఇదీ అంతే. మసిని రీజనరేషన్ కాల్చగలదు, బూడిదను కాల్చలేదు. అది నిండితే దిమ్మను బయటికి తీసి శుభ్రం చేయించడమో, మార్చడమో తప్పదు. అందుకనే డీపీఎఫ్ బండ్లకు తక్కువ బూడిద వదిలే ఆయిల్ వాడమంటారు. డబ్బా వెనక ఏసీఈఏ సీ2, సీ3 లాంటి గుర్తు ఉంటుంది. ఆ రెండిటిలో బూడిద 0.8 శాతానికి మించకూడదు. ట్రాక్టర్లకు వాడే ఆయిళ్లలో ఎక్కువ భాగం దానికంటే బాగా ఎక్కువ బూడిద వదులుతాయి. ట్రాక్టర్‌కు డీపీఎఫ్ లేదు కాబట్టి దానికి నష్టం లేదు. మీ బామ్మర్ది చెడు కోరి చెప్పలేదు, ట్రాక్టర్ తెలిసినవాడు ట్రాక్టర్ సంగతే చెప్పాడు. ఆ ఆయిల్‌ను ఎన్ని కిలోమీటర్లు అయిందని చూడకుండా ఈ వారమే దింపించండి. ఆయిల్ ఫిల్టర్ కూడా మార్చండి. బండి మాన్యువల్‌లో ఏ గ్రేడు, ఏ గుర్తు రాసి ఉంటే అదే పోయించండి. సీలున్న డబ్బా మీ కళ్లముందు విప్పించండి.

ఆయిల్‌దే ఇంకో విషయం, ఇది చాలామందికి తట్టదు. పొద్దున బండి చల్లగా ఉన్నప్పుడు, చదును నేల మీద పెట్టి, బానెట్ ఎత్తి డిప్‌స్టిక్ తీయండి. నూలు గుడ్డతో తుడిచి, మళ్లీ పూర్తిగా దింపి, తీసి చూడండి. ఆయిల్ పై గీతకూ కింది గీతకూ మధ్య ఉండాలి. తగ్గిందా అని అందరూ చూస్తారు, మీలా దగ్గర ప్రయాణాలు చేసేవాళ్లు పెరిగిందా అని చూడాలి. సగంలో ఆగిపోయిన ప్రతి రీజనరేషన్‌లో చిమ్మిన డీజిల్ కొంత సిలిండర్ గోడలు పట్టుకొని కిందికి జారి ఆయిల్‌లో కలుస్తుంది. అప్పుడు ఆయిల్ మట్టం పెరుగుతుంది, పలచబడుతుంది. రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగట తెలియదు, ముక్కు దగ్గర పెడితే డీజిల్ వాసన కొడుతుంది. ఇందాక చెప్పిన టర్బో చక్రం తేలేది ఈ ఆయిల్ మీదే. పలచబడ్డ ఆయిల్‌తో మొదట పోయేవి టర్బో, బేరింగులు. పై గీత దాటి ఉంటే బండి తోలకండి, ఆయిల్ మార్పించాకే తీయండి. మట్టం మరీ పెరిగితే ఇంజిన్ ఆ ఆయిల్‌నే లాక్కుని కాల్చుకుంటూ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది. చాలా డీజిల్ కార్లకు ఆయిల్ మార్పు పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో పెడతారు. మీ తిరుగుడుకు నేనైతే ఏడు వేలకే మార్పిస్తాను.

యూరియా సంగతి. యాడ్‌బ్లూలో 32.5 శాతం యూరియా, మిగతాది లవణాలేవీ లేని శుద్ధమైన నీరు. ఈ లెక్క వినే మీ బామ్మర్దికి ఆ ఆలోచన వచ్చి ఉంటుంది. కానీ మనకు దొరికే 45 కిలోల యూరియా బస్తా వేరే సరుకు. 2015 నుంచి మన దేశంలో ఎరువుల యూరియాకంతా వేపనూనె పూత పూస్తున్నారు. పైరుకు అది మంచిదే, కానీ ఆ నూనె యాడ్‌బ్లూ ఇంజెక్టర్‌లో జిడ్డుగా పేరుకుంటుంది. బైయూరెట్ అనే పదార్థం ఎరువులో ఒక శాతం దాటొచ్చు, యాడ్‌బ్లూలో 0.3 శాతానికి మించకూడదు. ఇక బోరు నీళ్లలో ఉండే సున్నం, లవణాలు పొగను శుద్ధి చేసే క్యాటలిస్టును శాశ్వతంగా పాడు చేస్తాయి. సబ్సిడీ ఎరువును వ్యవసాయానికి తప్ప ఇంకోదానికి వాడటం నేరం కూడా. బంకుల్లో, షోరూముల్లో ఐఎస్ఓ 22241 గుర్తున్న డబ్బా తీసుకోండి. ఒకేసారి ఎక్కువ కొని తోట షెడ్డులో నిల్వ పెట్టకండి. 30 డిగ్రీల లోపు ఉంటేనే అది ఏడాది నిలుస్తుంది. మన నల్లగొండ వేసవిలో రేకుల షెడ్డు కింద అంతకాలం నిలవదు. మూత దగ్గర తెల్లగా పొడి కట్టడం మామూలే, తడిగుడ్డతో తుడిచేయండి. పొరపాటున అది డీజిల్ ట్యాంకులో పడితే మాత్రం తాళం కూడా తిప్పకుండా టోయింగ్‌కు పిలవండి. ఇక యాడ్‌బ్లూ అయిపోవస్తే బండి ముందే హెచ్చరిస్తుంది. నిర్లక్ష్యం చేసి పూర్తిగా ఖాళీ చేస్తే, ఒకసారి ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి రేడియేటర్ గురించి కూడా చెప్పాలి. మన జిల్లా బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఇంజిన్‌కు చెడు చేసేది ఆ నీళ్లలోని సున్నపు గట్టిదనం. అల్యూమినియం ఇంజిన్‌లో ఆ నీళ్లు పోస్తే లోపల సున్నపు పొర కడుతుంది, తుప్పు కూడా పడుతుంది. కూలెంట్ తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయండి. దారిలో గత్యంతరం లేక నీళ్లు పోసినా, ఊరికి రాగానే మొత్తం మార్పించండి.

డీజిల్ నమ్మకమైన బంకులో, బండి ట్యాంకులోకే పట్టించండి. ట్రాక్టర్ కోసం క్యాన్లలో తెచ్చి పెట్టుకున్నది ఈ బండికి పోయవద్దు. క్యాన్‌లో రాత్రి చెమ్మ నీటిబొట్లుగా చేరుతుంది, అడుగున మట్టి ఉంటుంది. ఇందాక చెప్పిన ఒత్తిడిలో నీళ్లు చేరితే ఇంజెక్టర్ పోవచ్చు. కిరోసిన్ కలిపిన డీజిల్ పంపుకు ఇంకా చెడ్డది, దాంట్లో జారుడు గుణం తక్కువ. ఎయిర్ ఫిల్టర్ మాత్రం మీరు ప్రత్యేకంగా చూసుకోవాలి. తోట దారి దుమ్ము, కోతల కాలం దుమ్ము తట్టుకోవాలంటే మాన్యువల్‌లో చెప్పిన దానికంటే ముందే మార్పించండి. కంప్రెసర్ గాలి కొట్టి మళ్లీ బిగించడం మంచిది కాదు, కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడి సన్న దుమ్ము నేరుగా టర్బోలోకి పోతుంది. హైవే మీద గట్టిగా తోలి వచ్చి ఆపేటప్పుడు అర నిమిషం, నిమిషం ఐడిల్‌లో ఉంచి తాళం తీయండి.

ఇక డీపీఎఫ్ పీకించే సంగతి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన లెక్కకు భిన్నంగా బండిని మార్చకూడదు. వారంటీ ఏమైనా మిగిలి ఉంటే అదీ పోతుంది. రేపు అమ్మాలనుకుంటే తెలిసినవాడు కొనడు. ఇవన్నీ పక్కన పెట్టినా, లైటు ఆరినంత మాత్రాన కారణం పోదు. ఒక ఇంజెక్టర్ కారుతోందో, టర్బో గొట్టం చిట్లి గాలి పోతోందో, థర్మోస్టాట్ తెరుచుకొని ఉండిపోయి ఇంజిన్ వేడెక్కడం లేదో, అది అలాగే ఉంటుంది. చెప్పే లైటు మాత్రం ఉండదు. ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కించుకున్నాక ఇంజిన్ ఎంత వేడిలో నడుస్తోందో చెప్పేవాడూ ఉండడు. మీ వెనక బైక్ మీద వచ్చే పిల్లలు ఆ మసిని పీలుస్తారన్నది నాకు చట్టం కంటే పెద్ద కారణం.

బండికి ఏమైందో ఊహించడం మానేసి కొలిపించండి. స్కానర్ పెట్టి మూడు అంకెలు అడగండి: డీపీఎఫ్‌లో మసి ఎంత నిండింది, బూడిద ఎంత చేరింది, చివరిసారి పూర్తిగా రీజనరేషన్ అయ్యాక ఎన్ని కిలోమీటర్లు తిరిగింది. ఇంజిన్ వేడి ఎంత దాకా పోతోందో కూడా చూడమనండి, అది 80 డిగ్రీలు దాటకపోతే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. డీపీఎఫ్‌కు అటూ ఇటూ ఒత్తిడి కొలిచే సెన్సర్‌కు రెండు చిన్న గొట్టాలుంటాయి. అవి చిట్లినా, మూసుకుపోయినా డీపీఎఫ్ బాగున్నా లైటు వస్తుంది. ఆ గొట్టాలు మార్చడం చాలా చౌక పని, అందుకే ముందు అది చూడమనండి. మసి ఒక్కటే ఎక్కువుంటే షోరూములో బండి నిలబెట్టి స్కానర్‌తో రీజనరేషన్ చేయిస్తారు. అది చేయించేముందు ఆయిల్ మట్టం చూడాలి, అయ్యాక ఆయిల్ మార్పించాలి.

మీ నెలలో హైవే ప్రయాణం ఒక్కటీ లేకపోతే, ఇంకోసారి బండి కొనేటప్పుడు పెట్రోల్ చూడండి, మీ తిరుగుడుకు అదే సరి. ఉన్న బండికి మాత్రం తోటకు రోజువారీ పోయి వచ్చే పనులు బైక్‌కు అప్పగించి, లోడు ఉన్నప్పుడు, దూరం ఉన్నప్పుడు దీన్ని తీయండి. ఆయిల్ మార్చి, నకిరేకల్ దాకా రెండు మూడు సార్లు తోలాక కూడా లైటు వస్తే స్కానర్ చూపిన ఆ మూడు అంకెలు నాకు రాసి పంపండి. బూడిద ఎక్కువని తేలితే దిమ్మను బయటికి తీసి కడిగించే పని ఎక్కడ, ఎలా చేయించాలో అప్పుడు మాట్లాడుకుందాం.